బాట వేసిన నల్లజాతి క్రీడాకారులు, వ్యాపారవేత్తలు: వారి గౌరవార్థం చేసే పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్, పౌర సంబంధాల) పనిపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఫిబ్రవరి వచ్చిందంటే జట్లు, బ్యాంకులు, విశ్వవిద్యాలయాలు, కంపెనీలు నల్లజాతి మార్గదర్శకులను తలుచుకుంటూ ప్రచారాలు మొదలుపెడతాయి. అక్కడి కమ్యూనికేషన్స్ విభాగాల్లో, ఏజెన్సీల్లో పనిచేసే తెలుగువాళ్ళు, తెలుగు సంఘాల తరఫున కార్యక్రమాలు నడిపేవాళ్ళు, తెలుగు పత్రికలకు వ్యాసాలు రాసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

ఈ పనికీ ప్రకటనల పనికీ తేడా ఏమిటి?

ప్రకటనకు చోటు కొనుక్కుంటాం, అందులో ఏముండాలో మనమే నిర్ణయిస్తాం. పీఆర్‌లో అలా కుదరదు. విలేకరి, సంపాదకుడు, మ్యూజియం క్యూరేటరు, బడి పంతులు మన సమాచారాన్ని నమ్మి తమ నోటితో చెప్పాలి. వాళ్ళు నమ్మి రాసిన తేదీ తప్పయితే పరువు పోయేది వాళ్ళది. మళ్ళీ మన ఫోను ఎత్తరు. చరిత్ర విషయాల్లో ఇంకో చిక్కు ఉంది: మన ప్రెస్ రిలీజ్‌లోని తప్పు పత్రికకు, పత్రిక నుంచి వికీపీడియాకు, అక్కడి నుంచి పిల్లల ప్రాజెక్టు పనికి ఎక్కుతుంది. పదేళ్ళ తర్వాత దాన్ని దించడం ఎవరి తరమూ కాదు. అందుకే ఇందులో సగం పని రాత కాదు, రుజువులు వెతకడం.

ఈ వృత్తిలో నల్లజాతి పీఆర్ నిపుణుల చరిత్ర ఏమిటి?

జోసెఫ్ వి. బేకర్ 1934లో ఫిలడెల్ఫియాలో సొంత సంస్థ తెరిచారు. నల్లజాతీయుల చేతిలో ఉన్న తొలి పీఆర్ సంస్థగా దాన్ని చెబుతారు. మాస్ కెండ్రిక్స్ 1948లో వాషింగ్టన్‌లో తన సంస్థను మొదలుపెట్టి కోకా-కోలా వంటి కంపెనీకి పనిచేశారు. నల్లజాతి కొనుగోలుదారులను వెక్కిరింపు బొమ్మలుగా కాక మర్యాదస్తులైన కుటుంబాలుగా చూపించాలని కంపెనీలను ఒప్పించడం ఆయన చేసిన పెద్ద పని. కాన్సాస్ సిటీలో ఐనెజ్ కైజర్, వాషింగ్టన్‌లో 1969 నుంచి ఓఫీల్డ్ డ్యూక్స్ ఆ దారిని వెడల్పు చేశారు. డ్యూక్స్ తొలి క్లయింటు మోటౌన్ రికార్డ్స్. 2001లో ఆయనకు అమెరికా పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ గోల్డ్ యాన్విల్ ఇచ్చింది. క్రీడాకారుల గురించి, వ్యాపారుల గురించి ప్రచారం చేసేవాళ్ళు ఈ నలుగురి పేర్లు కూడా చెప్పాలి. బాట వేసినవారిలో వీళ్ళూ ఉన్నారు.

వీళ్ళందరికంటే ముందు నల్లజాతి పత్రికలున్నాయి. 1827 మార్చి 16న న్యూయార్క్‌లో మొదలైన ఫ్రీడమ్స్ జర్నల్ వాటిలో తొలిది. బేస్‌బాల్‌లో నల్లజాతి ఆటగాళ్ళను రానివ్వని వర్ణ నిషేధం పోవాలని ఏళ్ళ తరబడి రాసింది పిట్స్‌బర్గ్ కొరియర్‌లో వెండెల్ స్మిత్, బాల్టిమోర్ ఆఫ్రో-అమెరికన్‌లో శామ్ లేసీ. ఆ నిషేధాన్ని ఛేదించిన జాకీ రాబిన్సన్ పేరు ఊరూరా తెలియడంలో ఆయన ఆటతో పాటు వాళ్ళ కలానికీ వాటా ఉంది.

“మొట్టమొదటి” అన్న మాట ఎప్పుడు వాడవచ్చు?

అన్నిటికంటే ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. “తొలి” అన్న మాటకు హద్దు చెప్పకపోతే అది తప్పయి కూర్చుంటుంది.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏనే తీసుకోండి. 1950లో చక్ కూపర్ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో) ఎంపికైన తొలి నల్లజాతి ఆటగాడు. ఒప్పందంపై ముందుగా సంతకం చేసింది హెరాల్డ్ హంటర్, కానీ ఆయనకు జట్టులో చోటు దక్కలేదు. సంతకం చేసి నిజంగా ఆడినవారిలో మొదటివాడుగా నాట్ క్లిఫ్టన్ పేరు చెబుతారు. 1950 అక్టోబర్ 31న కోర్టులోకి దిగి మ్యాచ్ ఆడిన తొలి వ్యక్తి ఎర్ల్ లాయిడ్. “ఎన్‌బీఏలో తొలి నల్లజాతి ఆటగాడు” అని ఒక్క ముక్కలో రాస్తే మిగతా ముగ్గురి వారసులూ ఉత్తరం రాస్తారు, వాళ్ళు రాయడం న్యాయమే.

శీతాకాల ఒలింపిక్స్‌లో నాలుగు “తొలి”లు ఉన్నాయి, నాలుగూ నిజమే. 1988లో డెబీ థామస్‌ది నల్లజాతి క్రీడాకారులకు దక్కిన తొలి పతకం, కాంస్యం. 2002లో బాబ్‌స్లెడ్‌లో వొనెటా ఫ్లవర్స్‌ది తొలి స్వర్ణం. 2006లో స్పీడ్ స్కేటింగ్‌లో షానీ డేవిస్‌ది తొలి వ్యక్తిగత స్వర్ణం. 2022లో ఎరిన్ జాక్సన్ వ్యక్తిగత స్వర్ణం గెలిచిన తొలి నల్లజాతి మహిళ. “వ్యక్తిగత” అన్న ఒక్క మాట ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఎవరి ఘనత ఎవరికి పోతుందో తేలుతుంది. శీర్షిక కుదించేటప్పుడు సబ్ ఎడిటర్ ముందుగా కొట్టేసేది సరిగ్గా ఆ మాటనే.

జాకీ రాబిన్సన్ విషయం ఇంకా సున్నితం. 1947 ఏప్రిల్ 15న ఆయన బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగారు. కానీ 1884లోనే మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలీడో జట్టుకు ఆడారు, ఆ జట్టున్న అమెరికన్ అసోసియేషన్‌ను మేజర్ లీగ్‌గానే (అత్యున్నత స్థాయి లీగ్‌గానే) లెక్కిస్తారు. పైగా 1920 నుంచి 1948 వరకు నల్లజాతి ఆటగాళ్ళ కోసం విడిగా నడిచిన ఏడు నీగ్రో లీగ్‌లకు కూడా మేజర్ లీగ్ హోదా ఉందని 2020 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ) ప్రకటించింది. 2024 మేలో ఆ గణాంకాలు అధికారిక రికార్డుల్లో చేరాయి, నీగ్రో లీగ్ ఆటగాడు జాష్ గిబ్సన్ .372 బ్యాటింగ్ సగటుతో టై కాబ్‌ను దాటి మొదటి స్థానానికి వెళ్ళారు. ఇప్పుడు “మేజర్ లీగ్‌లో ఆడిన తొలి నల్లజాతి వ్యక్తి” అని రాస్తే గిబ్సన్ లాంటి వేలమందిని మళ్ళీ బయటకు నెట్టినట్టే. సరైన రాత ఇలా ఉంటుంది: “20వ శతాబ్దంలో నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్‌ల వర్ణ నిషేధాన్ని ఛేదించిన ఆటగాడు.” 1947లోనే జూలై 5న క్లీవ్‌లాండ్ తరఫున అమెరికన్ లీగ్‌లో దిగిన లారీ డోబీ పేరు కూడా ఆ పేరాలోనే పెట్టండి. పదకొండు వారాల తేడాతో అదే అవమానాన్ని భరించిన మనిషిని చరిత్ర దాదాపు మరిచిపోయింది.

వ్యాపారంలో కూడా ఈ జాగ్రత్త కావాలా?

కావాలి, ఇంకా ఎక్కువ. ఆటకు స్కోరు పుస్తకం ఉంటుంది, వ్యాపారానికి చాలాసార్లు ఉండదు.

మేడమ్ సి. జె. వాకర్‌ను “స్వయంకృషితో మిలియనీర్ అయిన తొలి అమెరికన్ మహిళ” అంటూ ఉంటారు. 1919లో ఆమె చనిపోయే నాటికి ఆస్తి 10 లక్షల డాలర్లు ఉందా అన్నదానిపై లెక్కలు కలవవు, 6 లక్షల డాలర్ల దగ్గర ఆగే అంచనాలున్నాయి. అంతకుముందే జుట్టు సంరక్షణ వ్యాపారంలో నిలదొక్కుకున్న యానీ మలోన్ కూడా ఉన్నారు, వాకర్ మొదట్లో ఆమె సరుకే అమ్మారు. డబ్బు లెక్క వదిలేసి, వేల మంది నల్లజాతి మహిళలకు సొంత సంపాదన మార్గం చూపించిన అమ్మకందార్ల వ్యవస్థ గురించి రాయండి. దానికి రుజువులున్నాయి, ఆమె గొప్పతనమూ అక్కడే ఉంది.

అమెరికాలోని 500 అతిపెద్ద కంపెనీల జాబితా ఫార్చ్యూన్ 500 విషయంలో నియమాలే మారాయి. 1995కు ముందు అందులో పారిశ్రామిక కంపెనీలే ఉండేవి, సేవారంగం ఉండేది కాదు. అందుకే 1987లో పెన్షన్ సంస్థ టీఐఏఏ-క్రెఫ్ పగ్గాలు పట్టిన క్లిఫ్టన్ వార్టన్ పేరు కొందరు, 1999లో గృహరుణాల సంస్థ ఫానీ మే సారథి అయిన ఫ్రాంక్లిన్ రెయిన్స్ పేరు ఇంకొందరు తొలి నల్లజాతి సీఈఓగా చెబుతారు. 2009లో జిరాక్స్ సీఈఓ అయిన ఉర్సులా బర్న్స్ ఫార్చ్యూన్ 500 కంపెనీని నడిపిన తొలి నల్లజాతి మహిళ అనడంలో వివాదం లేదు. ఆమె తర్వాతి వరస లెక్క పెట్టేటప్పుడు మాత్రం 2019లో బెడ్ బాత్ అండ్ బియాండ్‌కు తాత్కాలిక సీఈఓగా చేసిన మేరీ విన్‌స్టన్‌ను కలుపుతున్నారో లేదో చెప్పాలి.

ఆ రుజువులు ఎక్కడ దొరుకుతాయి?

ముందు ఆనాటి నల్లజాతి పత్రికలు చూడండి: పిట్స్‌బర్గ్ కొరియర్, చికాగో డిఫెండర్, బాల్టిమోర్ ఆఫ్రో-అమెరికన్. తెల్లవాళ్ళ పత్రికలు ఒక్క లైను కూడా వెయ్యని సంగతి వీటిలో మొదటి పేజీలో కనిపిస్తుంది. పెద్ద పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే చాలాచోట్ల వీటి డిజిటల్ ప్రతులు ఇంటి నుంచే చదవచ్చు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా అందరికీ ఉచితం. కంపెనీ సంగతులకు రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ కాగితాలు, పాత నగర డైరెక్టరీలు, 1990ల నుంచి ఐతే స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఆన్‌లైన్ పత్రాల భండారం ఎడ్గార్ చూడండి. క్యాథీ హ్యూస్ నడిపిన రేడియో వన్ 1999లో పబ్లిక్ కంపెనీ అయిందన్న సంగతి పత్రిక క్లిప్పింగ్ కంటే అక్కడి పత్రాల్లో గట్టిగా నిలుస్తుంది.

ప్రతి వాస్తవానికీ రెండు ఆధారాలు ఉండాలి, అందులో ఒకటి ఆ కాలానిదే అయి ఉండాలి. రెండు వెబ్‌సైట్లు ఒకే పాత వ్యాసం నుంచి ఎత్తి రాస్తే అది ఒక్క ఆధారమే. ఒక స్ప్రెడ్‌షీటు పెట్టుకుని నాలుగు గడులు గీయండి: మనం రాసిన వాక్యం, మొదటి ఆధారం, రెండో ఆధారం, చూసిన తేదీ. విలేకరి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి “ఇది ఎక్కడ దొరికింది?” అంటే నిమిషంలో చెప్పగలగాలి.

తెలుగులో రాసేటప్పుడు ఏ మాట వాడాలి?

“నల్లజాతీయులు”, “నల్లజాతి” అన్నవి పత్రికల్లో నిలదొక్కుకున్న మాటలు. “ఆఫ్రికన్ అమెరికన్” కూడా సరే, కానీ అందరికీ అతకదు. 1958 జనవరి 18న ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో దిగిన విల్లీ ఓ’రీ కెనడియన్, ఆయన్ను ఆఫ్రికన్ అమెరికన్ అనకూడదు. “నీగ్రో” అన్న మాట ఈ రోజు వర్ణనగా వాడకూడదు. నీగ్రో లీగ్స్, నీగ్రో నేషనల్ లీగ్ వంటి చారిత్రక పేర్లలో మాత్రం అలాగే ఉంచాలి, మార్చితే పేరు తప్పవుతుంది. ఇళ్ళల్లో, వాట్సాప్ గ్రూపుల్లో వినిపించే “నల్లోడు” అన్న మాట గౌరవసభ వేదిక మీద ఎవరి నోటి నుంచైనా జారితే కార్యక్రమం అక్కడితో ముగిసినట్టే. వ్యాఖ్యాతకు ముందే చెప్పి ఉంచండి.

2020 జూన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ ‘బ్లాక్’ అన్న మాటను పెద్దక్షరంతో రాయాలని నిర్ణయించింది. మనకు పెద్దక్షరాలు లేవు, మన గౌరవం క్రియాపదంలో ఉంటుంది. తెలుగు వ్యాసాల్లో తరచూ కనిపించే లోపం ఇదే: జట్టు అధికారి బ్రాంచ్ రికీ “చెప్పారు”, రాబిన్సన్ “చెప్పాడు”. క్రీడా పేజీల అలవాటు ప్రకారం ఆటగాళ్ళందరికీ ఏకవచనం వాడితే సరే. ఒకే వ్యాసంలో తెల్ల యజమానికి బహువచనం, నల్ల ఆటగాడికి ఏకవచనం పడితే తప్పు. అచ్చుకు ఇచ్చేముందు ఈ ఒక్కదాని కోసమే ఒకసారి చదవండి.

ఫిబ్రవరిలోనే చెయ్యాలా? పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

కార్టర్ జి. వుడ్‌సన్ 1926లో ఫిబ్రవరి రెండో వారంలో నీగ్రో చరిత్ర వారం మొదలుపెట్టారు. లింకన్ పుట్టినరోజు 12, ఫ్రెడరిక్ డగ్లస్ జన్మదినంగా జరుపుకునేది 14, రెండూ ఆ వారంలో పడతాయి. 1976 నుంచి అది నెలగా మారింది. వుడ్‌సన్ 1915లో స్థాపించిన సంస్థే ఇప్పటికీ ప్రతి సంవత్సరానికి ఒక అంశం ప్రకటిస్తుంది. మీ ప్రచారం ఆ అంశానికి ఎలా అతుకుతుందో ముందు చూసుకోండి.

అయితే ఫిబ్రవరిలో సంపాదకుల డబ్బా నిండిపోయి ఉంటుంది. విషయానికి సొంత తేదీ ఉంటే దానికే కట్టుబడటం మేలు. రాబిన్సన్‌కు ఏప్రిల్ 15: 1997లో అన్ని జట్లూ 42 నంబరును విరమించాయి, 2009 నుంచి ఆ రోజు ఆటగాళ్ళంతా 42 తొడుగుతున్నారు. లాయిడ్‌కు అక్టోబర్ 31. జూన్ 19 జూన్‌టీన్త్ (బానిసత్వ విముక్తి దినం), 2021 నుంచి జాతీయ సెలవు.

ఫిబ్రవరి ప్రచారానికే అయితే పని ఆగస్టులో మొదలవ్వాలి. ఆగస్టు, సెప్టెంబర్‌లు పరిశోధనకు, కుటుంబంతో మాట్లాడటానికి. అక్టోబర్‌లో అనుమతి పత్రాలు, ఫోటో లైసెన్సులు. మాసపత్రికలకు అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో చెప్పాలి, అవి మూడు నాలుగు నెలల ముందే మూసేస్తాయి. డిసెంబర్ రెండో వారం తర్వాత ఎవరూ పలకరు, ఆ వారాలు వీడియో ఎడిటింగుకు, శీర్షికలకు వాడుకోండి. దినపత్రికలకు, టీవీకి జనవరి మూడో వారం. జనవరి 25న గుర్తొచ్చి మొదలుపెట్టిన ప్రచారాలన్నీ ఒకేలా కనిపించడానికి కారణం వేళ మించిపోవడమే: ఇంటర్నెట్‌లో దొరికిన అవే నాలుగు ఫోటోలు, అవే నలుగురు మనుషులు.

ప్రెస్ రిలీజ్ ఎంత పొడవుండాలి, అందులో ఏముండాలి?

400 నుంచి 500 మాటలు. మొదటి పేరాలో ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు, ఇప్పుడు ఎందుకు చెబుతున్నాం, ఇవన్నీ 40 మాటల్లోపు రావాలి. కంపెనీ పేరు రెండో పేరా కంటే ముందు రాకపోతే నష్టం లేదు. ఉటంకింపులు రెండు చాలు: ఒకటి కుటుంబ సభ్యులదో చరిత్రకారులదో, రెండోది సంస్థది. ఆ వరస మార్చకండి. సీఈఓ మాట పైన, మనుమరాలి మాట కింద పెట్టిన రిలీజ్ చూడగానే ఇది ఎవరి గౌరవం కోసం రాశారో చదివేవాళ్ళకు తెలిసిపోతుంది.

ఫోటోలు పొడవైన వైపు కనీసం 3000 పిక్సెళ్ళు ఉండాలి. ప్రతి ఫోటోకూ ఎడమ నుంచి కుడికి పేర్లు, ఊరు, తేదీ, తీసినవారి పేరు. పాత ఫోటోల్లో తెల్లవాళ్ళందరి పేర్లూ ఉండి నల్లజాతి మనిషి దగ్గర “గుర్తు తెలియని వ్యక్తి” అని కనిపిస్తుంది. వెతికితే ఆ పేరు చాలాసార్లు ఆనాటి నల్లజాతి పత్రికలో దొరుకుతుంది. దృష్టి లేనివారి కోసం ఫోటో వివరణ వచనం తప్పక రాయండి.

ఒకే పత్రికకు ముందుగా ఇవ్వడం మంచిదేనా?

కథ లోతైనదై, ఆ పత్రిక దానికి చోటిస్తానంటే మంచిదే. ప్రమాదం ఏమిటో రాబిన్సన్ జీవితంలోనే ఉంది. 1956 డిసెంబర్‌లో ఆయన ఆట మానేసి చాక్ ఫుల్ ఓ నట్స్ కాఫీ కంపెనీలో వైస్ ప్రెసిడెంటుగా చేరడానికి ఒప్పుకున్నారు. రిటైర్మెంట్ వార్తను లుక్ పత్రికకు మాత్రమే ఇస్తానని అంతకుముందే మాట ఇచ్చారు. సరిగ్గా అదే రోజుల్లో డాడ్జర్స్ ఆయన్ను జెయింట్స్ జట్టుకు బదలాయించింది. అసలు సంగతి చెప్పలేక ఆయన మౌనంగా ఉండాల్సి వచ్చింది. పత్రిక ప్రతులు కొందరు చందాదారులకు ముందే చేరి వార్త బయటపడేసరికి మిగతా విలేకరులు ఆయన మీద మండిపడ్డారు. పదేళ్ళ ఆట ముగిసిన వేళ దక్కాల్సిన ఆదరం కొంత అలా చేజారింది.

ఒప్పందంలో మూడు సంగతులు రాసుకోండి: విడుదల రోజు మాత్రమే కాదు, గంట, టైమ్ జోన్ కూడా, అచ్చు ప్రతులు పాఠకులకు చేరే రోజు, వార్త ముందే పొక్కితే అదే గంటలో అందరికీ ఇచ్చే హక్కు మనదే అన్న షరతు.

ఫోటోలు, పేరు వాడుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

ఇవి రెండు వేరు వేరు అనుమతులు. ఫోటో మీద కాపీరైటు తీసినవారిది లేదా పత్రికది. ఆ మనిషి పేరు, రూపం వాణిజ్యానికి వాడే హక్కు ఆ మనిషిది, తర్వాత వారసులది. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయడం మామూలుగా జరిగే పొరపాటు.

అమెరికాలో ఇది ఫెడరల్ చట్టం కాదు, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మరణం తర్వాత కాలిఫోర్నియాలో 70 ఏళ్ళు, ఇండియానాలో 100 ఏళ్ళు, వర్జీనియాలో 20 ఏళ్ళు ఈ హక్కు నిలుస్తుంది. వార్తగా, చరిత్రగా రాస్తే సాధారణంగా అనుమతి అక్కర్లేదు. అదే వ్యాసం పక్కన కంపెనీ సరుకు బొమ్మ, “ఇప్పుడే కొనండి” అన్న బటన్ వచ్చి చేరితే వాణిజ్యం కిందికి వస్తుంది. లాయరును అడగాల్సిన గీత అదే.

అచ్చయి 95 ఏళ్ళు దాటిన ఫోటోలకు అమెరికాలో కాపీరైటు ఉండదు. తర్వాతి వాటికి వనరులున్నాయి. ఎబొనీ, జెట్ పత్రికల ఫోటో భండారం, 40 లక్షలకు పైగా చిత్రాలు, 2019లో నాలుగు ఫౌండేషన్లు కలిసి 3 కోట్ల డాలర్లకు కొని ప్రజల కోసం కాపాడాయి. పిట్స్‌బర్గ్ కొరియర్ ఫోటోగ్రాఫర్ టీనీ హారిస్ తీసిన దాదాపు 80 వేల నెగటివ్‌లు కార్నెగీ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ దగ్గరున్నాయి. ఒలింపిక్ వలయాలు, ఆ పేరు మాత్రం అమెరికా ఒలింపిక్ కమిటీ అనుమతి లేకుండా ప్రచారానికి వాడరాదు, పతకం సాధించినవారి కథ అయినా సరే.

కుటుంబాన్ని ఎప్పుడు, ఎలా కలవాలి?

ప్రచారం రూపం తేలకముందే. అంతా అయిపోయాక “చూసి సరే అనండి” అని పంపితే అది సంప్రదింపు కాదు. మొదటి ఉత్తరంలో మూడు ప్రశ్నలు చాలు: చరిత్రలో ఏది తప్పుగా నిలిచిపోయింది, ఏది ఎవరూ అడగలేదు, ఏది చెప్పకూడదు. ఫౌండేషన్ ఉంటే దాని ద్వారా వెళ్ళండి. రేచల్ రాబిన్సన్ 1973లో స్థాపించిన జాకీ రాబిన్సన్ ఫౌండేషన్ ఇప్పటికీ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తోంది, న్యూయార్క్‌లో 2022 నుంచి మ్యూజియం నడుపుతోంది. వక్తలుగా పిలిచిన వారసులకు, చరిత్రకారులకు దారి ఖర్చులే కాదు, పారితోషికం ఇవ్వాలి. “మీకు ప్రచారం వస్తుంది” అనడం ఈ పనిలో ప్రత్యేకంగా చేదుగా ఉంటుంది. కాలేజీ క్రీడాకారులు కూడా 2021 జూలై 1 నుంచి తమ పేరు, రూపానికి డబ్బు తీసుకోవచ్చు. వాళ్ళు డబ్బు తీసుకుని పెట్టిన పోస్టులో ఆ సంగతి స్పష్టంగా కనపడేలా చెప్పాలి.

సభ ఎలా జరగాలన్నది కూడా గౌరవం పొందేవాళ్ళ, వాళ్ళ కుటుంబాల మాటే. 1948 లండన్‌లో హైజంప్ గెలిచి ఒలింపిక్ స్వర్ణం సాధించిన తొలి నల్లజాతి మహిళ ఆలిస్ కోచ్‌మన్‌కు జార్జియాలోని ఆల్బనీలో సన్మానం చేశారు, హాలులో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ విడివిడిగా కూర్చున్నారు, మేయరు ఆమెతో చెయ్యి కలపలేదు. 1960లో రోమ్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన విల్మా రుడాల్ఫ్ టెనెసీలోని సొంత ఊరు క్లార్క్స్‌విల్‌లో ఊరేగింపుకు ఒక షరతు పెట్టారు: అందరూ కలిసే రావాలి. ఆ ఊళ్ళో అందరూ కలిసి జరుపుకున్న తొలి వేడుక అదే.

ఎక్కువగా ఎక్కడ బెడిసికొడుతుంది?

సరుకు అమ్మకం గౌరవాన్ని మింగేసిన చోట. 2022 మేలో వాల్‌మార్ట్ జూన్‌టీన్త్ పేరుతో తెచ్చిన ఐస్‌క్రీమ్‌ను విమర్శల తర్వాత క్షమాపణ చెప్పి తీసేసింది. 2017లో నిరసన ప్రదర్శనను శీతల పానీయంతో చల్లార్చినట్టు చూపిన పెప్సీ ప్రకటన ఒక్క రోజులోనే వెనక్కి వెళ్ళింది. ఇలాంటివి గదిలోనే ఆగాలంటే సమీక్ష రెండుసార్లు జరగాలి: ఆలోచన కాగితం మీద ఉన్నప్పుడు ఒకసారి, డిజైన్ అయ్యాక ఒకసారి. సమీక్షించే నల్లజాతి ఉద్యోగులకు వద్దనే అధికారం రాతలో ఉండాలి, ఆ గంటలు వాళ్ళ పని గంటల్లో లెక్కకు రావాలి.

రెండో దెబ్బ సంస్థ సొంత గతం నుంచి వస్తుంది. మీ బ్యాంకు ఆ పేటకు అప్పులివ్వని రోజులుంటే, మీ జట్టు చివరివరకూ నల్లజాతి ఆటగాణ్ణి తీసుకోకపోతే, విలేకరి ఆ ప్రశ్నే అడుగుతారు. ముందుగా మీరే రెండు వాక్యాల్లో చెప్పండి. దాచి దొరికిపోయిన సంస్థకు తర్వాత ఏం చెప్పినా వినేవారుండరు.

పాత అన్యాయాన్ని సరిదిద్దడం ప్రచారం అవుతుందా?

అన్నిటిలోకీ విలువైనది అదే. 1963 డిసెంబర్ 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో వెండెల్ స్కాట్ నాస్కార్ కార్ల రేసు గెలిచారు. వేదిక మీద ట్రోఫీ బక్ బేకర్‌కు ఇచ్చారు. లెక్కలో పొరపాటు అన్నారు. గెలుపు తర్వాత ఒప్పుకున్నా, నాస్కార్ ట్రోఫీ ఆయన కుటుంబం చేతికి వచ్చింది 2021 ఆగస్టులో. అప్పటికి స్కాట్ పోయి 30 ఏళ్ళు దాటింది. మీ సంస్థ రికార్డుల్లో ఇలాంటిది ఉంటే క్రమం ఇది: ముందు రికార్డు మార్చండి, తర్వాత కుటుంబానికి చెప్పండి, చివర్లో పత్రికకు. ఆ వరస తిరగబడితే కుటుంబం తమ తాతగారి గెలుపు సంగతి టీవీలో వింటుంది.

స్టాంపు, నాణెం, విగ్రహం కోసం అడగాలంటే?

తపాలా స్టాంపుకు సిటిజన్స్ స్టాంప్ అడ్వైజరీ కమిటీకి ఉత్తరం రాయాలి. వ్యక్తి మరణించి మూడేళ్ళు దాటాలి, అనుకున్న సంవత్సరానికి కనీసం మూడేళ్ళ ముందు ప్రతిపాదన చేరాలి. బ్లాక్ హెరిటేజ్ వరస 1978లో హ్యారియట్ టబ్‌మన్‌తో మొదలైంది, టెన్నిస్ క్రీడాకారిణి ఆల్థియా గిబ్సన్ స్టాంపు 2013లో వచ్చింది. గిబ్సన్ 1956లో ఫ్రెంచ్, 1957లో వింబుల్డన్ గెలిచారు. యూఎస్ ఓపెన్ ప్రాంగణంలో విగ్రహం 2019లో, పావు డాలరు నాణెం 2025లో వచ్చాయి. ఇంత కాలం పట్టే పని అని అడిగేవాళ్ళకు మొదటే చెప్పాలి.

విగ్రహం పెడితే అచ్చును భద్రపరచండి, బీమా చేయించండి. 2024 జనవరిలో కాన్సాస్‌లోని విచిటాలో జాకీ రాబిన్సన్ కంచు విగ్రహాన్ని చీలమండల దగ్గర కోసి ఎత్తుకుపోయారు. అసలు అచ్చు ఉండటంతో అదే ఏడాది ఆగస్టులో మళ్ళీ నిలబెట్టగలిగారు.

వైవిధ్య కార్యక్రమాల మీద వ్యతిరేకత పెరిగిన ఈ రోజుల్లో ఏం మారింది?

కొన్ని సంస్థలు వెనక్కి తగ్గాయి, కొన్ని పేజీలు మాయమవుతున్నాయి. 2025 మార్చిలో అమెరికా రక్షణశాఖ వెబ్‌సైటు నుంచి రాబిన్సన్ సైనిక సేవ పేజీ తొలగిపోయి, గొడవ జరిగాక తిరిగి వచ్చింది. కాబట్టి లింకుల మీద ఆధారపడకండి. ప్రతి ఆధారం పేజీనీ పీడీఎఫ్‌గా దాచండి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకలు పెట్టండి, ఒక ప్రతి స్థానిక లైబ్రరీకి ఇవ్వండి. సంస్థ భయపడి మాటలు పల్చన చేయమంటే విశేషణాలు వదులుకోండి కానీ వాస్తవాలు వదులుకోకండి. “వర్ణ నిషేధం” అన్న మాట తీసేస్తే రాబిన్సన్ ఏం ఛేదించారో చదివేవాళ్ళకు అర్థం కాదు.

అమెరికాలోని తెలుగు సంఘం ఇలాంటి కార్యక్రమం ఎందుకు చెయ్యాలి, ఎలా చెయ్యాలి?

1965 వలస చట్టం దేశాలవారీ కోటాలను ఎత్తేసింది, మన డాక్టర్లు, ఇంజనీర్లు అక్కడికి వెళ్ళే దారి అలా తెరుచుకుంది. ఆ చట్టం పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చింది. రుణం ఉందన్న స్పృహతో చేస్తే కార్యక్రమం తీరే మారుతుంది. భారత్‌తో సూటి సంబంధం ఉన్న కథలూ ఉన్నాయి: జెస్సీ ఓవెన్స్ 1955లో అమెరికా ప్రభుత్వ సౌహార్ద రాయబారిగా మన దేశానికి వచ్చారు.

సంక్రాంతి సంబరాల మధ్య పావుగంట ఇరికించకండి, విడిగా రెండు గంటలు పెట్టండి. ఊళ్ళోని నల్లజాతి చర్చిని, వాణిజ్య మండలిని, దగ్గర్లో చారిత్రక నల్లజాతి కాలేజీ ఉంటే దాన్ని రెండు నెలల ముందే కలిసి, అతిథులుగా కాక సహ నిర్వాహకులుగా రమ్మని అడగండి. భోజనం నల్లజాతి యజమాని నడిపే హోటలు నుంచి తెప్పించండి. వ్యాపారవేత్తల గురించి మాట్లాడే సభలో ఆ చెక్కు కూడా ఒక మాటే. పిల్లలకు వేషాలు వేయించాలనుకుంటే జెర్సీ, కోటు, టోపీ చాలు, ముఖానికి నల్ల రంగు పూయడం ఏ పరిస్థితిలోనూ వద్దు. నాటకాల్లో మనకు అలవాటైన పని అక్కడ ఘోరమైన అవమానం, దాని వెనక వందేళ్ళకు పైబడిన వెక్కిరింపు ప్రదర్శనల చరిత్ర ఉంది.

ఫలితం ఎలా కొలవాలి?

వచ్చిన వార్తల చోటును ప్రకటన రేటుతో గుణించి డాలర్లలో చూపించే పద్ధతిని 2010లోనే పీఆర్ ఫలితాల కొలతపై వృత్తి సంస్థలు ఒప్పుకున్న బార్సిలోనా సూత్రాలు తిరస్కరించాయి. దాని బదులు ఇవి లెక్కపెట్టండి: ఎన్ని వార్తల్లో పేరు, తేదీ, “తొలి”కి పెట్టిన హద్దు సరిగ్గా వచ్చాయి, ఎన్ని పాత తప్పులు దిద్దారు, ఎన్ని బడులు పాఠ్య సామగ్రి అడిగాయి, స్కాలర్‌షిప్పుకో మ్యూజియానికో ఎంత చేరింది, మార్చిలో, ఏప్రిల్‌లో ఆ పేజీని ఎంతమంది చదివారు. తప్పుగా వచ్చిన వార్తకు అదే రోజు మర్యాదగా సవరణ కోరండి, ఆధారం ప్రతి జత చేసి. మరుసటి ఏడాది పనికి మొదటి ఫైలు ఆ సవరణల జాబితాయే, దాన్ని కుటుంబానికి కూడా ఒక ప్రతి పంపండి.